వాసెన కట్టిన జాడీ

ఈ ఏడాది మామిడి పూత రాకముందే మా నాన్న ఇన్నయ్య కన్నుమూశాడు. ఆగిరిపల్లి తోటల్లో కాయలు మాగబెట్టడం ఆయన పని. గదినిండా వరిగడ్డి పరిచి, చిన్నరసాలు వరసలుగా పేర్చి, తలుపు మూసేవాడు. పొద్దున్నే తలుపు ఓరగా తీసి గాలి పీల్చి, "గోడవైపువి దించేయండి, మిగతావి ఇంకా పచ్చే" అనేవాడు.

ఇంట్లో ఆ ముక్కుకి అంత మర్యాద ఉండేది కాదు. అరుగు మీద కూర్చునే "భాగ్యవతీ, పప్పు అడుగంటింది" అని కేకేస్తే, "ఆ ముక్కేదో తోటలో పెట్టుకోవయ్యా, నా వంటింట్లో దేనికి?" అనేది అమ్మ.

కరోనా రెండోసారి విరుచుకుపడిన వేసవిలో కూడా అమ్మ ఆవకాయ పెట్టింది. మూడోనాడు తిరగ కలిపి, జాడీ మూతికి పాత చీర ముక్కతో వాసెన కట్టింది. గుడ్డ బిగిస్తూ నాన్నతో అంది: "ఊరికే విప్పమాక. వాసెన ఊడితే వాసన పోద్ది." తన మాటకి తనే నవ్వుకుంది.

ఆ వారంలోనే ఇద్దరికీ జ్వరం వచ్చింది. విజయవాడ ఆసుపత్రి నుంచి నాన్న ఒక్కడే తిరిగొచ్చాడు. అమ్మని పడుకోబెట్టిన పెట్టె మూతైనా తీయనివ్వలేదు మమ్మల్ని.

ఇంటికొచ్చాక మొదటి ముద్దలో నాన్నకి ఆ ఆవకాయే కలిపాను. నమిలాడు. మళ్లీ నమిలాడు.

"ఉప్పుంది, పులుపుంది, మంటుంది" అన్నాడు. "ఆవకాయ లేదే, లేయా."

డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. "నాలుక చెప్పేవి తీపి, ఉప్పు, పులుపు, చేదు లాంటి నాలుగైదేనండి. కారం అసలు రుచే కాదు, మంట. నమిలేటప్పుడు గొంతు వెనకనించి ముక్కులోకి ఎక్కే వాసనే మిగతా రుచంతా. మీ జబ్బు అక్కడ కొట్టింది" అన్నాడాయన. వాసన పట్టే నరాలకి ఆసరాగా ఉండే కణాలు దెబ్బతిన్నాయట. నరాలు మళ్లీ చిగురించవచ్చు, ఎప్పటికో చెప్పలేం అన్నాడు. లవంగం, నిమ్మతొక్క, బాగా తెలిసిన వాసన ఏదైనా సరే, పొద్దునా సాయంత్రం పీలుస్తూ, అది ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోమన్నాడు.

నాన్న లవంగాల జోలికి పోలేదు. రెండు పూటలా వాసెన విప్పి, జాడీలోకి వంగి, కళ్లు మూసుకుని కూర్చునేవాడు. మళ్లీ కట్టి అలమరలో పెట్టేవాడు. ఇంకెవరినీ ముట్టనివ్వలేదు. ముక్కు తిరిగొచ్చేదాకా అది అయిపోకూడదని మేం కూడా తినడం మానేశాం. తమ్ముడు మార్టిన్ భోజనానికొచ్చినా కొన్న ఆవకాయే వేసేదాన్ని.

చలికాలానికి వాసనలు వచ్చాయి గానీ అన్నీ వంకరగా వచ్చాయి. కాఫీ కాలిన టైరులా ఉందన్నాడు. నరాలు పెరుగుతున్నాయి, ఇంకా సరైన చోట అతుక్కోలేదు, మంచిదే అన్నాడు డాక్టరు. మరుసటి వేసవిలో కాయలు మాగబెట్టిన గది తలుపు తీసి వాంతి చేసుకున్నాడు నాన్న.

"ఏవయ్యా ఇన్నయ్యా, నా రసాలు మురుక్కాలవలా ఉన్నాయంటే బేరగాళ్లు వింటారయ్యా! కాస్త మెల్లిగా కక్కు" అని తోట యజమాని బసవపున్నారావు గారు వేళాకోళమాడారు. నాన్న కూడా నవ్వాడు. ఆ తర్వాత ఆ గదివైపు వెళ్లలేదు.

వానలు పట్టాక ఒక పొద్దున వంటింట్లోంచి కేక వినిపించింది.

"లేయా! ఇట్రా, తొందరగా రా!"

పరిగెత్తాను. నాన్న నేలమీద కూర్చుని ఉన్నాడు. ఒళ్లో జాడీ, భుజం మీద వాసెన గుడ్డ.

"పొద్దున కాఫీ కాఫీలాగే ఉందమ్మా. సరే బాగైపోయిందని దీన్ని విప్పాను. ఇది మాత్రం..." ఆగాడు. "ముక్కిన నూనె వాసనొస్తోంది. నా ముక్కు ఇంకా వంకరే, కదూ? నువ్వు చూడు."

జాడీ నా వైపు జరిపాడు. వంగనక్కర్లేకపోయింది. నిలబడ్డ చోటికే వచ్చింది ముక్కిన నూనె కంపు. రోజూ విప్పడంతో తడిగాలి లోపలికి దూరి ముక్కల మీద తెల్లగా బూజు కట్టింది. కళ్లజోడు లేని నాన్నకి అది కనిపించలేదు.

బాగుందని చెబితే, పాపం, ముక్కు ఇంకా నయం కాలేదనుకుంటాడు. నయమైందంటే అమ్మ ఆవకాయ లేనట్టే. నాన్న నా మొహంలోకి చూస్తున్నాడు. తన ముక్కు చెడిపోయిందని చెప్పమని ఒక మనిషి అంతగా బతిమాలడం నేనెప్పుడూ చూడలేదు.

"ముక్కిపోయింది, నాన్నా."

"అంతేనా?"

"అంతే."

తల ఊపాడు. "అయితే నా ముక్కు బాగైనట్టే" అన్నాడు. "చెప్పింది మీ అమ్మ. విప్పమాకని చెప్పింది."

భుజం మీది గుడ్డ తీసి, ముడతలు సాపు చేసి, జాడీకి మళ్లీ వాసెన కట్టబోయాడు. ముడి జారిపోయింది. నేను గుడ్డ అంచులు పట్టుకున్నాను. నాన్న బిగించాడు.