టైలరు సాయిబు పేరు

మా తాతగారి రోజుల్లో అద్దంకి చుట్టుపక్కల ఎడ్ల బండలాగుడు పందెం ఎక్కడ జరిగినా మైకు ముందు కుర్చీ మాదే. ఎనభైల చివరికి ఎడ్లూ పొలమూ పోయి పొగాకు గోడౌనూ ఆ మైకూ మిగిలాయి. గోడౌనులో నేను వీడియో గేము పెట్టాను. వ్యాపారమని ఎవరితోనూ అనలేదు. పందేలు నడుపుతున్నానన్నాను.

టీవీలో పైనుంచి దిగే విమానాలను కిందనుంచి మన విమానంతో కాల్చాలి. మూడు ప్రాణాలు పోతే ఆట ఆఖరు. బస్టాండు దగ్గర కుట్టు మిషను పెట్టుకున్న టైలరు సాయిబు అందరికన్నా బాగా ఆడేవాడు. చూద్దామని వచ్చినవాళ్లకు అతని వీపు తప్ప ఏమీ కనిపించేది కాదు. రెండు నిమిషాల్లో వెళ్లిపోయేవారు. అంత గొప్ప ఆట అలా వృథా కావడం నేను భరించలేకపోయాను. టీవీ మెకానిక్కు చేత వైరు లాగించి, బల్ల మీద బల్ల వేసి, రెండో టీవీని ఎత్తున పెట్టించాను. ఆదివారం సాయంత్రం సాయిబుకూ మిషన్ బడి లెక్కల మాస్టారికీ పందెమని చాటించాను. జనం నిలవకపోతే ఇక జన్మలో మైకు పట్టకూడదనుకున్నాను.

గోడౌను నిండింది. మాస్టారు ఆడి పెద్ద స్కోరే చేశారు. సాయిబు కూర్చోగానే నేను మా పందేల పద్ధతిలో అందుకున్నాను. ఎడ్ల పందెంలో చెప్పేది యజమాని పేరే కాబట్టి, మా ఇంటిపేరు, తాతగారి పేరు చెప్పి, "వారి గేము మిషను మీద ఆట సాగుతోంది" అన్నాను.

మిరపకోతల నుంచి నేరుగా వచ్చిన ఒకామె వెనక నుంచి అరిచింది.

"ఏందండీ అయ్యగారూ, ఎడ్లకైతే యజమాని పేరు చెబుతారు. ఆయనేమన్నా ఎద్దా? ఆయన పేరు చెప్పండి!"

జనం గొల్లుమన్నారు. నా ముఖం మండిపోయింది. పదేళ్లుగా నా చొక్కాలు కుడుతున్న మనిషి. సాయిబూ అని పిలవడమే తప్ప పేరు నాకు తెలియదు. గుమ్మం దగ్గర అప్పుడే ఇద్దరు ముగ్గురు చెప్పులు వేసుకుంటున్నారు. కుర్చీలోంచి లేచి వెళ్లి, అతని చెవి దగ్గరికి వంగాను.

"మీ పేరేంటండీ?"

అతను ఉలిక్కిపడి నావైపు చూశాడు. తెర మీద అతని విమానం పేలింది.

"ఇప్పుడా అడిగేది! ఒక ప్రాణం తీశారు కదండీ." మళ్లీ తెరవైపు తిరిగి, "ఇంటిపేరుతోనా?" అన్నాడు.

"ఇంటిపేరుతోనే."

చెప్పాడు. మళ్లీ కూర్చోకుండా, నిలబడే, మైకులో ఆ పేరు పూర్తిగా పలికాను. చెప్పులు వేసుకున్నవాళ్లు ఆగారు.

రెండో ప్రాణమూ పోయింది. ఇక ఒక్కటే ఉంది. మాస్టారు లేచి నిలబడి, "ఇంకో ఎనిమిది వందలు... ఆరు వందలు..." అని, సాయిబు దాటాల్సిన తన స్కోరును తానే దగ్గరకు లాక్కొస్తున్నారు. ఎడ్ల పందెంలో ఈలలు, కేకలు ఉంటాయి. ఇక్కడ ఊపిరి కూడా వినిపించలేదు. తెర మీది చిన్న బొమ్మ ఎడమకు జరిగితే గోడౌనంతా ఎడమకు ఒరుగుతోంది. ఆ మీటలు ఏనాడూ ముట్టుకోని ఆడవాళ్లు, ముసలివాళ్లు, ఎవరూ తోయకుండానే, అందరిదీ ఒకే ఒళ్లయినట్టు ఊగుతున్నారు. మైకు నా చేతిలోనే ఉంది. నేనూ వాళ్లతోపాటే ఒరుగుతున్నాను.

"దాటాడు!" అన్నారు మాస్టారు.

ఆ పేరును, ఇంటిపేరుతో సహా, జనమే అరిచారు. ఆట అయిపోయి తెర మీద అంకె ఒక్కటే మిగిలింది. అయినా ఒక్కరూ కదల్లేదు.