లింగం పట్టు

నాగిరెడ్డిపేట చుట్టుపక్కల మేకలున్న ఏ ఇంట్లో అడిగినా లింగం పేరు చెప్తారు. మేక కాలిలో ముల్లు దిగినా, కడుపులో పిల్ల అడ్డం తిరిగినా అతనికే కబురు. అతను వచ్చి మేకను పక్కకు పడేసి, నాలుగు కాళ్లూ గుప్పిట్లో బిగించి, పక్కటెముకల మీద మోకాలు ఆనిస్తాడు. అంతదాకా గోల చేసిన మేక కిమ్మనకుండా పడుకుంటుంది. అదే లింగం పట్టు. బడి మొహం చూడని మనిషికి లోకంలో గర్వపడడానికి ఉన్నది అదొక్కటే. గర్వపడేవాడు కూడా. పడితే తప్పేముంది?

కొడుకు జాన్ కామారెడ్డిలో ఉద్యోగం చేస్తూ, భార్య కృపాజ్యోతితో అక్కడే ఉంటాడు. వాళ్ల కూతురు సలోమికి ఏడేళ్లు. పోయిన క్రిస్మస్‌కు వచ్చినప్పుడు ఆ పిల్ల మందలోని తెల్ల మేకపోతుతో దోస్తీ కట్టింది. దానికి తన రిబ్బను కట్టింది, తన బిస్కెట్లు పెట్టింది. పండుగ పొద్దున లింగం దాన్నే కోశాడు. ఏటా పండుగకు ఇంటి మేకను తన చేత్తోనే కోయడం అతనికి ఆనవాయితీ. పిల్ల అడిగితే, "మేతకు పోయింది బిడ్డా" అన్నాడు. పిచ్చి మనిషి! దొడ్డి మూలన నిలబడి అంతా చూసిందని అతనికేం తెలుసు?

సలోమి ఏడవలేదు. అన్నం ముట్టలేదు, అంతే. తాత చేయి చాపితే తల్లి వెనక్కి వెళ్లి దాక్కుంది. ఆ తర్వాత ఏడాదంతా అదే తంతు. ఫోన్లో నాయనమ్మ సాలవ్వతో బోలెడు కబుర్లు చెప్పేది, "తాతకిస్త మాట్లాడు" అనగానే పెట్టేసేది.

"చిన్నపిల్ల, మర్చిపోతది తియ్" అనేది సాలవ్వ.

ఏం మర్చిపోతుంది, నా మొహం! లింగానికి తిన్నది ఒంటబట్టేది కాదు. ఆ పిల్ల ఒక్కసారి తన పక్కన కూర్చుంటే చాలనుకునేవాడు.

ఈ క్రిస్మస్‌కు అతను మేక జోలికి పోలేదు. కోడికూరతో సరిపెట్టాడు. చుట్టాలు మూతులు ముడిచారు, ముడవనీ. పిల్ల మాత్రం అతని వైపు చూడనేలేదు. మర్నాడు జాన్ పిల్లను పోచారం తీసుకెళ్లి జింకల్ని చూపిస్తానన్నాడు. లింగం ఎన్నడూ లేనిది ఉతికిన అంగీ తొడుక్కుని తయారయ్యాడు.

"నువ్వెందుకు బాపూ? మందెట్ల?"

"మీ అమ్మ తోల్కపోతది. పిల్ల పక్కన జరంతసేపు కూసుంట, గంతే."

పోచారం చెరువు దగ్గర పండుగ సెలవుల జనం కిటకిటలాడుతున్నారు. కాస్త దూరంలో ఇనుప తీగల కంచె, లోపల జింకలు. అడవిలో తిరగాల్సిన జీవాలు మురుకుల కోసం తీగల సందున ముక్కులు పెడుతుంటే చూసేవాడికి ఏడుపు రావాలి. జనానికి నవ్వొచ్చింది. జాన్, కృపాజ్యోతి చాయ్ తేవడానికి వెళ్తూ పిల్లను చూస్తుండమని లింగానికి అప్పజెప్పారు. పిల్ల కంచె దగ్గర, అతను ఆమడ దూరంలో. దగ్గరికి వెళ్తే ఎక్కడ పారిపోతుందోనని భయం.

ఎవరో అరటితొక్క విసిరారు. అది కంచె బయటే పడింది. ఒక జింకపిల్ల దానికోసం కింది తీగ అడుగు నుంచి దూరబోయి నడుం దగ్గర ఇరుక్కుపోయింది. అది గింజుకునేకొద్దీ తీగ వీపులోకి దిగుతోంది.

"తాతా!" అని అరిచింది సలోమి.

ఏడాదికి వినబడిన పిలుపు! లింగం పరుగెత్తాడు. తీగ పైకెత్తి, జింకపిల్లను బయటికి లాగాడు. అలవాటైన చేయి అలవాటైన పనే చేసింది. పక్కకు పడేసి, కాళ్లు బిగించి, మోకాలు ఆనించాడు. జింకపిల్ల ఒక్క కేక వేసి ఊరుకుంది.

అప్పుడే దాన్ని లోపలికి తోసేయాల్సింది. తోయలేదు. సలోమి దగ్గరికి వస్తోంది మరి.

"జూడు బిడ్డా, ఎట్ల ఊకున్నదో. రా, ముట్టు."

సలోమి వచ్చి పక్కన కూర్చుంది. ఒక చేయి తాత భుజం మీద, ఇంకో చేయి జింకపిల్ల మెడ మీద వేసింది.

"దీన్ని కొయ్యవు గదా తాతా?"

"కొయ్య బిడ్డా. యేసయ్య తోడు, ఇంక దేన్ని కొయ్య."

పిల్ల నవ్వింది. లింగానికి కళ్లు మసకబారాయి. మోకాలి కింద జింకపిల్ల గుండె దడదడా కొట్టుకుంటోంది. మేక గుండె అలా కొట్టుకోదని అతనికి తెలుసు. తెలిసీ కదల్లేదు. కదిలితే భుజం మీది చేయి పోతుంది. ఇంకొంచెంసేపు, ఇంకొంచెంసేపు అనుకున్నాడు. అలా అనుకుంటుండగానే ఆ దడ ఆగిపోయింది.

కంచె కాపలా యాకూబు కేకలేస్తూ పరుగున వచ్చాడు. "ఇడిసిపెట్టు కాకా! అది మేక గాదు! గట్ల అదిమి పడితె బుగులుకే గుండాగి సస్తది!"

లింగం చేయి, మోకాలు తీశాడు. జింకపిల్ల లేవలేదు. యాకూబు వంగి దాని కంటిని వేలితో తాకాడు. రెప్ప పడలేదు.

"మెల్లగ మాట్లాడు అంకుల్, నిద్రపోయింది" అంది సలోమి.

యాకూబు పిల్లను చూశాడు, లింగాన్ని చూశాడు. "ఔ బిడ్డా, పండుకున్నది" అన్నాడు, గొంతు తగ్గించి.

ఆ మాటకు లింగం ఊ కొడితే సరిపోయేది. పిల్ల అలాగే ఆనుకుని కూర్చునేది, రేపూ ఎల్లుండీ ఫోన్లో మాట్లాడేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఆ పిల్ల కళ్లలోకి చూస్తూ ఇంకోసారి అబద్ధమాడడం అతని వల్ల కాలేదు.

"నిద్ర గాదు బిడ్డా. సచ్చిపోయింది. నేనే సంపిన."

సలోమి చాలాసేపు జింకపిల్లనే చూసింది. దాని మెడ మీది చేయి తీయలేదు. తాత భుజం మీది చేయి తీసేసింది.