ఖైసర్ ఆపా సిర్కా

కిషన్‌బాగ్‌లో ఖైసర్ బేగం ఇంటికి దారి అడిగితే ఎవరూ నంబరు చెప్పరు, డాబా మీద ద్రాక్ష పందిరి ఉన్న ఇల్లంటారు. సైదాబాద్ ద్రాక్షతోటలు ప్లాట్లుగా మారుతున్నప్పుడు, అక్కడ పనిచేసిన ఆమె మామగారు ఒక కొమ్మ తెచ్చి వాకిట్లో నాటాడు. కాయకు తొక్క మందం, గింజలెక్కువ, బజార్లో ఎవరూ కొనలేదు. మగవాళ్లు తలలు పట్టుకుని కూర్చుంటే, కొత్త కోడలు ఖైసర్ ఆ పళ్లు పిండి జాడీలో సిర్కాకు, అంటే పుల్లటి వెనిగర్‌కు, పెట్టింది.

తీగ పెరిగింది, దాంతోపాటు పనీ పెరిగింది. కొమ్మలు పక్కిళ్ల డాబాలెక్కాయి. ఆ ఇళ్ల కాయ కూడా ఈమె దగ్గరికే వచ్చేది. భర్త అజ్మత్ అలీ తీగ కత్తిరించేవాడు, కొడుకు మొయిన్ పళ్లు పిండేవాడు, కోడలు ఉమ్మే హానీ సీసాలు కడిగేది. శాలిబండలో నా కిరాణా దుకాణానికి సరుకు వచ్చేది. బేరమాడకుండా ఉప్పు కూడా కొనడని సీతారాం అనే నాకు పేరు. ఆమె సీసాల దగ్గర మాత్రం నోరు మూసుకునేవాణ్ని.

ద్రాక్షరసం సిర్కా కావాలంటే నడుమ కొన్నాళ్లు మద్యంగా ఉండక తప్పదు. అది వాళ్లకు హరాం. అందుకే ఆ ఇంట్లో జాడీని రుచి చూసే ఆచారం లేదు. ఖైసర్ ఆపా జాడీ మూతికి కట్టిన గుడ్డ కొంచెం తొలగించి వాసన చూసేది. ఆమె "అయింది" అంటేనే సీసాలు నిండేవి. నమాజు తప్పని ఇళ్లెన్నో ఆ ఒక్క మాట మీద కొనేవి.

పోయినేడు ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది, ముక్కుకు వాసన మాత్రం తెలియకుండా పోయింది. ఎవరికీ చెప్పలేదు. రంగు చూసి, అలవాటు మీద "అయింది" అంటూ వచ్చింది. చెబితే ఏం పోయేదని నాకు ఇప్పటికీ కోపమే. కానీ ఇంటిల్లిపాదీ తన ముక్కును నమ్ముకుని బతుకుతుంటే ఆ మాట ఎలా చెబుతుంది, పాపం.

జబ్బుతో మంచాన పడ్డ అజ్మత్ భాయ్ పోయి నెల కూడా కాలేదు. దుకాణంలో ఒక సీసా మూత తీస్తే మద్యం వాసన గుప్పుమంది. ఆ వాసన నాకు కొత్తేం కాదు, దాచేదేముంది. వెంటనే కిషన్‌బాగ్ పోయాను. భర్త పోయిన ఆడవాళ్లు గడువు దాకా ఇల్లు కదలని ఇద్దత్‌లో ఉంది కాబట్టి ఆపా పర్దా వెనక నుంచే మాట్లాడింది.

"ఈ జాడి ఇంక కాలేదు ఆపా," అన్నాను.



"నాకు వాసన రాదు భాయ్. మస్తు దినాలాయె."

మొయిన్ కూడా ఆ మాట విన్నాడు. ఇంటింటికీ తిరిగి సీసాలు వాపసు తేవడానికి బండి తీశాడు. 

"తెల్వక తిన్నోళ్లకు గునా, పాపం లేదంటరు గద ఆపా. ఫికర్ చేయకు," అన్నాను.

"వాళ్లకు తెల్వదు. నాకు తెల్సు గద," అంది.  "మీ అజ్మత్ భాయ్ ఆఖరు దినాలల్ల గదే జాడిలది తిన్నడు. పులుపు లేదు, ఇదేందో వేరేగుంది, జర చూడు అన్నడు. బీమారుల నీ నోటికే రుచి పోయింది, సప్పుడు చేయక తిను అని కసిరిన."