కామేశం అంకుల్ చెప్పాల్సిన మూడు నిమిషాలు

నిన్న పొద్దున పిల్లను స్విమ్మింగ్ క్లాసులో దింపి కారులో కూర్చున్నాను. కామేశం అంకుల్ కూతురు మాధవి ఫోన్ చేసింది.

"అక్కా, డాడ్ ఈజ్ గాన్."

ఎవరి డాడ్ అని అడిగాను. నిజంగా అలాగే అడిగాను. శుక్రవారం సాయంత్రం నాతో ఫోన్లో అంతసేపు వాదించిన మనిషి శనివారం పొద్దుటికి లేకపోవడం ఏమిటి?

టై కట్టుకుంటూ మంచం మీదకి ఒరిగిపోయారట. అంబులెన్స్ వచ్చేసరికే అంతా అయిపోయింది.

శనివారం కదా. సిటీలో కాఫీ ప్యాలెస్ అనే పాత కాఫీ హౌస్‌కి ఎప్పటిలాగే బయలుదేరుతున్నారు.

తెలియనివాళ్ళ కోసం చెప్తున్నాను. కామేశం అంకుల్ మెల్‌బోర్న్‌లో స్థిరపడ్డ రిటైర్డ్ ఇంజనీరు. సొంతూరు రాజమండ్రి. నాకు చుట్టం కాదు. నేను క్లేటన్‌లో షేర్డ్ హౌస్‌లో ఉంటూ యూనివర్సిటీకి వెళ్ళే రోజుల్లో పరిచయమయ్యారు. కొత్తగా దిగిన తెలుగువాళ్ళు ఎవరు దొరికినా అందరూ గుడికో బీచ్‌కో తీసుకెళ్తారు. ఈయన మాత్రం ఆ పాత కాఫీ హౌస్‌కి లాక్కెళ్ళేవారు.

నన్నూ అలాగే తీసుకెళ్ళారు. ట్రైన్‌లో దారి పొడుగునా ఒకటే సోది.

లోపలికి అడుగుపెట్టగానే మెనూ అందుకోబోయాను. "ముందు పైకి చూడమ్మాయ్. కాఫీ ఎక్కడికీ పారిపోదు" అన్నారు.

చూశాను. అంత ఎత్తు సీలింగ్, ఆ బంగారు పూత, ఆ షాండ్లియర్లు. అప్పటికి నెల రోజులుగా సూపర్‌మార్కెట్‌లో షెల్ఫులు సర్దుతున్నాను. ఇలాంటి చోట నేను కూడా కూర్చోవచ్చా అనిపించింది.

ఇక కథ మొదలు. గనుల్లో దొరికిన బంగారం డబ్బుతో ఊరంతా తాగి తూలుతున్న కాలంలో, మందు ముట్టని పెద్దమనుషులు కొందరు కలిసి దాన్ని కట్టారట. సారా కొట్టు కంటే గొప్పగా ఉంటే జనం ఇటొస్తారని ఆశ. పాలరాతి మెట్లు, పైన బోలెడన్ని గదులు, చుక్క మందు ఉండదు. ఆడవాళ్ళు ఒంటరిగా వచ్చి కూర్చున్నా ఎవరూ ఏమీ అనరు.

కొన్నేళ్ళకే దివాలా తీసింది. చివరికి లైసెన్సు తెచ్చుకుని, మందు అమ్ముకునే బతికింది. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి అంకుల్ ఎన్నిసార్లు చెప్పినా పగలబడి నవ్వేవారు.

తర్వాత యుద్ధం రోజుల్లో సైనికులకి బస అయింది. ఆ తర్వాత ఆఫీసులు వచ్చాయి, అవీ పోయాక పావురాలు చేరాయి. ఎప్పటికో ఒక ఇటాలియన్ కుటుంబం కింది హాలు అద్దెకు తీసుకుని, పెద్ద ఇత్తడి మెషిన్ పెట్టి మళ్ళీ కాఫీ పోయడం మొదలెట్టింది.

అంకుల్ ఈ దేశం వచ్చిన కొత్తల్లో అక్కడికి వెళ్ళిన మొదటిరోజు సంగతి మా అందరికీ కంఠతా వచ్చు. కాఫీ నోరు కాలేలా ఉందట. మన ఇంట్లో చేసినట్టే కప్పులోంచి మంచినీళ్ళ గ్లాసులోకి, గ్లాసులోంచి కప్పులోకి ఎత్తి పోసి చల్లార్చడం మొదలెట్టారు. హాల్లో అందరూ ఆయన వైపే తిరిగి చూశారు. ఓనరమ్మ కౌంటర్ దిగి వచ్చింది. అయిపోయింది నా పని, గెంటేస్తుంది అనుకున్నారట.

ఆవిడ దగ్గరికొచ్చి "ఎగైన్" అంది.

మళ్ళీ పోసి చూపించారు. మరుసటి వారం నుంచి ఆయన టేబుల్ మీదకి పాలు కాచే స్టీలు జగ్గులు రెండు వచ్చేవి. ఆవిడ పోయాక ఆవిడ కొడుకు కూడా ఆ అలవాటు మానలేదు.

పోయినేడాది ఆ బిల్డింగ్ అమ్ముడైంది. ముందు గోడ ఉంచి లోపలంతా పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడతారట. "మొహం ఉంచి మనిషిని తీసేస్తామంటే ఎలాగమ్మాయ్?" అన్నారు. అప్పటి నుంచి ఆయనకి వేరే ధ్యాస లేదు. పిటిషన్లు, సంతకాలు. శని ఆదివారాలు మా అందరి ఇళ్ళకీ వచ్చి పీక్కుతినేవారు. మా ఆయన సంతకం పెట్టేదాకా అంకుల్ భోజనానికి లేవలేదు.

ఈ బుధవారం సిటీ కౌన్సిల్ మీటింగ్. ఆ హాలు ఉంటుందో పోతుందో ఆ రోజే తేలుతుంది. మాట్లాడటానికి అంకుల్‌కి మూడు నిమిషాలు ఇచ్చారు. శుక్రవారం మేం పోట్లాడుకున్నది దాని గురించే. మందు జోక్ తీసేయండి అంకుల్, టైమ్ సరిపోదు అన్నాను. "అది తీసేస్తే ఇంకేం మిగిలింది నా బొంద" అని ఫోన్ పెట్టేశారు.

నిన్న మధ్యాహ్నం వాళ్ళింటికి వెళ్ళాను. సుభద్ర ఆంటీ హాల్లో కింద కూర్చుని ఉన్నారు. ఆంటీకి ఆ కాఫీ హౌస్ అంటే ఒళ్ళు మంట. సవతిని పోషిస్తున్నారు మీ అంకుల్ అనేవారు. ఆవిడ నలుగురిలో ఇంగ్లీషు మాట్లాడగా నేను ఎప్పుడూ వినలేదు.

పక్కన కూర్చుంటే చెయ్యి పట్టుకున్నారు.

"బుధవారం నన్ను కారులో తీసుకెళ్తావా?"

ఎక్కడికి ఆంటీ అన్నాను.

"మీటింగ్‌కి. ఆయన మాట్లాడేది నేను మాట్లాడతా."

వీడియో కాల్‌లో రాజమండ్రి నుంచి అంకుల్ అక్కగారు ఉలిక్కిపడ్డారు. మంగళవారం దహనం, ఆ మర్నాడే గడప దాటడం ఏమిటి, మైలలో, పదకొండో రోజు అవకుండా, నలుగురూ ఏమనుకుంటారు అని.

ఆంటీ గొంతు పెంచలేదు.

"పదకొండో రోజు దాకా వాళ్ళు ఆగరు వదినగారూ. నెల రోజులుగా పొయ్యి దగ్గర నన్ను నిలబెట్టి ఆ ఇంగ్లీషు ప్రసంగమంతా నాకే అప్పజెప్పారు. అక్షరం పోకుండా వచ్చు నాకు. జోక్‌తో సహా."

నాకు ఏడుపు ఆగలేదు. మాధవి వాళ్ళమ్మ ఒళ్ళో తల పెట్టేసింది. అక్కగారు పమిటతో కళ్ళు ఒత్తుకున్నారు. తర్వాత "ముతక చీర కట్టుకోకు, మంచిది కట్టుకో" అన్నారు.

మెల్‌బోర్న్‌లో ఉన్నవాళ్ళు బుధవారం సాయంత్రం వీలు చేసుకుని కౌన్సిల్ మీటింగ్‌కి రండి. ఏమీ మాట్లాడక్కర్లేదు. ఆంటీ వెనక కుర్చీల్లో కూర్చుంటే చాలు.

అంకుల్, మీరు ఇక హాయిగా విశ్రాంతి తీసుకోండి. మీ ఆత్మకి ఏ ఆరాటమూ వద్దు. బుధవారం సంగతి ఆంటీ చూసుకుంటారు.