లాభం, రెండు, మూడు

ముప్పై నాలుగేళ్లు సర్కారు దవాఖానలో నర్సుగా పనిచేశాను. శవాల గది పక్కనుంచే డ్యూటీకి వెళ్లేదాన్ని. దయ్యాలనేవి ఉంటే ముందు నాకే కనబడాలి. ఒక్కటీ కనబడలేదు. ఇప్పుడూ నమ్మను. జరిగింది మాత్రం జరిగినట్టు రాస్తున్నాను.

పోయిన మాఘంలో మా ఆయన పోయారు. నలభై రెండేళ్ల కాపురం. దినాలయ్యి చుట్టాలు వెళ్లిపోయిన మూడో రోజు నుంచి నాకు ఊపిరి సగంలో ఆగడం మొదలైంది. పీల్చడం వస్తుంది, వదలడం రాదు. వెంటనే గుండె దడ, కాళ్ల వణుకు. జహీరాబాద్‌లో పుట్టి పెరిగినదాన్ని, హైవే దాటి కూరగాయలకు పోలేకపోయాను. ఎక్స్‌రే, ఈసీజీ రెండూ బాగానే ఉన్నాయి.

బీదర్‌లో ఉండే మా అమ్మాయి సంధ్య నాకు గడువు పెట్టింది. "అమ్మా, రోడ్డు మీద పడితే ఎవరు లేపుతరు? దసరా దాక చూస్త. నయం గాకుంటె ఇల్లు కిరాయికిచ్చి నిన్ను తీస్కపోత. మళ్ల నువ్వేం జెప్పినా ఇన."

నాకు వెళ్లాలని లేదు. నా ఇంట్లో నా వంట నేను వండుకోవాలి. అందుకని జూన్ మొదటి సోమవారం యోగాలో చేరాను.

దవాఖానకు కొత్త భవనం వచ్చాక పాత కాన్పుల వార్డు ఖాళీ అయింది. అందులోనే పొద్దున ఆరింటికి ఆడవాళ్లకు నేర్పుతారు. మేము ఆరుగురం. అలవాటు కొద్దీ నేను కిటికీ కింద కూర్చునేదాన్ని. ఒకప్పుడు అక్కడ నాలుగో నంబరు మంచం ఉండేది. మంచం కోళ్లు ఆనిన గుర్తులు బండల మీద ఇంకా ఉన్నాయి.

నాలుగు అంకెలు లెక్కపెడుతూ పీల్చి, ఎనిమిది అంకెలు లెక్కపెడుతూ వదలాలి. నా వదలడం ఐదు దాటేది కాదు. ఒక నోటుబుక్కు పెట్టాను. తేదీ, పీల్చిన లెక్క, వదిలిన లెక్క, కారణం. కారణం గడిలో 'జలుబు', 'నిద్ర లేదు' అని రాసేదాన్ని. నేర్పే అమ్మాయి స్వప్న నవ్వేది. "మేడం, మీరు ఊపిరి తీస్తలేరు, పరీక్ష రాస్తున్నరు. జర ఢీలా వదలున్రి."

పదకొండు వారాలు అదే ఐదు.

ఆగస్టులో మూడో మంగళవారం. కరెంటు లేదు, ఫ్యాన్ చప్పుడు లేదు. అందరం కళ్లు మూసుకున్నాం. లెక్క మనసులోనే. నేను పీల్చాను, వదలడం మొదలుపెట్టాను. నా ఎడమ పక్కన, మోచేతి దగ్గర, ఒక ఆడగొంతు మెల్లగా అంది: "లాభం, రెండు, మూడు..."

ఐదు దగ్గర నాకు ఎప్పటిలాగే ఊపిరి ఆగింది. "ఇడువు, నేనున్న," అంది ఆ గొంతు. ఆరు, ఏడు, ఎనిమిది. ఊపిరంతా పోయింది. మాఘం తర్వాత అదే మొదటిసారి.

కళ్లు తెరిస్తే ఎడమ పక్కన గోడ ఉంది.

అయిపోయాక స్వప్న అడిగింది. "మేడం, మనసులనే లెక్కపెట్టుమంటి గద. అయినా లాభం ఏంది? ఒకటి ఏమాయె?"

"నేననలేదు."

"మీ దిక్కుకెల్లే ఇనబడ్డది."

వెనక కూర్చునే ఫర్జానా కూడా తలూపింది. "హౌ, నేను భీ విన్న. ముసలామె గొంతు."

అక్కడ ముసలిదాన్ని నేనొక్కదాన్నే. కానీ పెదాలు మూసి ముక్కుతో ఊపిరి వదులుతూ మాట్లాడడం ఎవరికీ సాధ్యం కాదు. ఇంటికొచ్చి పదిసార్లు చేసి చూశాను. పైగా నేను పుట్టి బుద్ధెరిగి ఏ లెక్కా 'లాభం'తో మొదలుపెట్టలేదు. గింజలు కొలిచేవాళ్లు మొదటి కొలతను ఒకటి అనరు, శుభమని లాభం అంటారు. నాకది నచ్చదు. ఒకటి అంటే ఒకటే.

అలా లెక్కపెట్టినామె ఒక్కతే గుర్తుకొచ్చింది. ముప్పై మూడేళ్ల కింద నాలుగో మంచం మీద కాన్పుకొచ్చిన బాలమణి, ఝరాసంగం దిక్కు ఊరు. నొప్పులు రాగానే ఊపిరి బిగపట్టేది. నేను నా చెయ్యి ఇచ్చి, ఎనిమిది దాకా లెక్కపెడుతూ వదలమన్నాను. లాభం అని మొదలుపెట్టింది. ఒకటి అనమని కోప్పడ్డాను. "బిడ్డ వస్తుంటె ఒకటి అని ఎట్ల అంటరు, సిస్టరమ్మా?" అంది, అంత నొప్పిలోనూ. నేను ఒకటి అంటే తను లాభం అనేది. తెల్లారి కొడుకు పుట్టాడు. ఆ రాత్రంతా నేనామెకు చెప్పిన మాట అదే: ఇడువు, నేనున్న.

బాలమణి పోయి ఉంటుందనుకున్నాను. అలాగైతే నాకు ఏదో ఒక జవాబు దొరికేది. శుక్రవారం హైవే దాటి ఆమె ఊరికి షేర్ ఆటో ఎక్కాను. దాటానన్న సంగతి ఆటోలో కూర్చున్నాకే తెలిసింది.

బాలమణి బతికే ఉంది. వాకిట్లో కందులు చెరుగుతున్నదల్లా నన్ను చూసి చాట కింద పెట్టింది. "సిస్టరమ్మా! ఇంకా ఒకటి అనే అంటున్నరా, లాభానికొచ్చిన్రా?"

ఆ గొంతు అదే. వార్డులో నాకు గుర్తున్న పడుచు గొంతు కాదు, ఈ వయసు గొంతు. మా ఆయన సంగతి ఆమెకు తెలియదు. నేనే చెప్పాను. మంగళవారం పొద్దున ఏం చేస్తున్నావని అడిగాను.

"పిండి గిర్నీకి జొన్నలు కొలిచిన. ఎందుకో మీరు యాదికొచ్చిన్రు. ఎనిమిదో సోలకాడ ఆగిపోయిన."

"టైమెంత?"

"నాకాడ గడియారమేడిది? పాలబండి వొయినంక."

పాలబండి అతన్ని కూడా అడిగాను. ఆరుంబావుకు ఆ ఊరు దాటుతాడు. మా ఊపిరి లెక్క మొదలయ్యేదీ సుమారుగా అప్పుడే. దీంతో ఏదీ రుజువు కాదని నాకు తెలుసు.

దసరాకు సంధ్య వచ్చింది, నాతో హైవే దాటి కూరగాయలు తెచ్చింది, ఒక్కతే బీదర్ వెళ్లిపోయింది. ఆ గొంతు మళ్లీ రాలేదు. నా లెక్క ఎనిమిదికి తగ్గలేదు.

నోటుబుక్కులో ఆ మంగళవారం వరుస రోజూ చూస్తాను. పీల్చింది నాలుగు, వదిలింది ఎనిమిది. కారణం గడి ఖాళీ. ఏం రాయాలో నాకింకా తెలియలేదు.