చాపెల్ మెట్ల మీద నా బూట్లు

నమ్మితే నమ్మండి, లేకపోతే మానేయండి. ఎవరైనా నవ్వారంటే మాత్రం ఇక్కడితో ఆపేస్తాను. ఇది నా భార్యకు కూడా పూర్తిగా చెప్పలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. నేను అమెరికా వచ్చి ఏడాదిన్నర. అరోరాలో ఒక చిన్న ఇంజనీరింగ్ కంపెనీలో పని. అక్కడికి రెండు గంటల దూరంలో, మూసేసిన ఆర్మీ ట్రైనింగ్ క్యాంపు ఉండేది. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో సిపాయిల కోసం హడావిడిగా కట్టిన చెక్క బ్యారక్స్. పద్దెనిమిదేళ్ల పిల్లల్ని తెచ్చి, కొన్ని వారాలు కవాతు చేయించి, ఓడ ఎక్కించేవారట. తర్వాత కొరియాకి, ఆ తర్వాత వియత్నాంకి. ఆ యుద్ధమూ అయిపోయాక తాళం వేసేశారు.

నేను చెప్పే రోజుకి మర్నాడు పొద్దున్న ఆ కట్టడాలను ఫైర్ వాళ్లు మంటలార్పే ప్రాక్టీసు కోసం తగలబెడతారు. ముందు రోజు ఒక్కోదానిలోకి వెళ్లి, ఎవరూ లేరని చూసి, తలుపు మీద ఎర్ర గుర్తు వేసి, కాగితం మీద సంతకం పెట్టాలి. అదీ నా పని. చలికాలంలో ఇల్లూ వాకిలీ లేనివాళ్లు, యుద్ధం నుంచి వచ్చి మతి చెదిరినవాళ్లు, అలాంటి చోట్ల దూరుతుంటారు.

చివరిది చాపెల్, సిపాయిలు ప్రార్థన చేసుకునే చిన్న చర్చి. ఐదున్నరకే చీకటి పడిపోయింది. మా సీనియర్ రావు గారు హీటర్ వేసుకుని కార్లో కూర్చున్నారు. నేను మెట్లెక్కి... ఏం చేశానో తెలుసా? బూట్లు విప్పాను. ఆ మంచులో! మా నరసాపురం చర్చిలో చెప్పులు బయట వదిలే లోపలికి వెళ్తాం కదా. చెయ్యి దానంతటదే లేసుల మీదికి పోయింది.

లోపల బెంచీలు కూడా లేవు. ఒట్టి నేల. సాక్సుల్లోంచి చలి ఎముకల్లోకి ఎక్కుతోంది. టార్చ్ వేసి, "ఎనీబడీ హియర్?" అన్నాను. ఏమీ లేదు...

అప్పుడు వినపడింది. నా వెనక. తలుపు అవతల.

సర్... సర్... సర్...

బ్రష్షు రుద్దుతున్న చప్పుడు. ఆగుతుంది... ఎవరో ఉఫ్ అని ఊదినట్టు... మళ్లీ సర్... సర్...

బయటికి అదొక్కటే దారి. అయ్య బాబోయ్! ప్రార్థన మొదలుపెడితే రెండో మాట గుర్తు రాలేదు. ఎంతసేపు నిలబడ్డానో... శబ్దం ఆగింది. ఇంకాసేపు ఉండి తలుపు తోశాను.

ఎవరూ లేరు. ఇందాక బురద పట్టి ఉన్న నా బూట్లు ఇప్పుడు నల్లగా మెరుస్తున్నాయి. కవాతులో సిపాయి నిలబడ్డట్టు మడమలు రెండూ ఆనించి, మొనలు బయటికి తిప్పి, లేసులు లోపలికి మడిచి. ముట్టుకుంటే పాలిష్ వేలికి అంటింది. మంచులో అడుగులు నావే అనుకుంటాను... సరిగ్గా చూడలేదు. చూసి ఉండాల్సింది.

వాటిల్లోనే కాళ్లు దూర్చి కారు దగ్గరికి పరుగెత్తాను. "సార్, అక్కడ ఎవరో ఉన్నారండీ!"

"మనిషిని చూశావా?"

"లేదండీ... బూట్లు..."

రావు గారు నా కాళ్ల వైపు చూసి మొహం తిప్పుకున్నారు. "ఏవయ్యా, ఎవరో బూట్లు తుడిచారని రిపోర్టు రాస్తావా? రేపటి ప్రోగ్రామంతా క్యాన్సిల్ చేయాలి. నీ గ్రీన్ కార్డ్ పేపర్లు బాస్ టేబుల్ మీదున్నాయి, తెలుసుగా? సైన్ చేసేయ్, ఇంటికెళ్దాం."

"మీరూ రండి సార్, ఇంకోసారి చూసొద్దాం."

"నేను రాను." ఆయన తన వైపు తలుపు లాక్ నొక్కేశారు.

ఇద్దరికీ భయమే. సంతకం పెట్టాను.

పొద్దున్న ఏడింటికి తగలబెట్టారు. బూడిదలో ఏమీ దొరకలేదనే చెప్పారు. అసలు వెతికిందెవరు?

గ్రీన్ కార్డ్ వచ్చింది. దెయ్యాలు లేవని సండే స్కూల్లో పిల్లలకు నేనే చెప్తాను. కానీ రోజూ మోకాళ్ల మీద నేను అడిగేది ఒక్కటే... ప్రభువా, అది దెయ్యమే అయ్యుండాలి.