మోకాళ్లకు ట్రాన్స్‌ఫార్మర్ నూనె

1996లో దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు దక్షిణాన ఉన్న మొబేనిలో ఒక ప్రైవేటు ల్యాబులో సీనియర్ అనలిస్టుగా చేరాను. నాకు అప్పగించిన మొదటి పని, దగ్గర్లోని ఒక ఫ్యాక్టరీలో పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెను పరీక్షించడం. అలాంటి వాటిలో ఒకప్పుడు పీసీబీలు అనే క్లోరిన్ రసాయనాలు వాడేవారు. అవి తేలిగ్గా మండవు, చెడిపోవు. ఆ మంచి గుణమే కొంప ముంచింది. ఒంట్లో చేరినా చెడిపోవు, కొవ్వులో కాపురం పెట్టి ఏళ్ల తరబడి హాని చేస్తాయి.

వాల్వు విప్పి నమూనా పట్టిచ్చినవాడు ఫిట్టర్ నాయుడు. ఒకప్పుడు ఇండియా నుంచి చెరుకు తోటల పనికి వచ్చిన తెలుగువాళ్ల మునిమనవడు. నా సీసా నిండాక తన సీసా కూడా పెట్టాడు. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పులకట, ఇక్కడ అందరూ రాసుకునేదేనట. ఫలితం వచ్చేదాకా ఆగమన్నాను. నా చాదస్తానికి నవ్వి సీసా సంచిలో వేసుకున్నాడు.

గ్యాస్ క్రొమటోగ్రాఫ్ నూనెలోని పదార్థాలను విడదీసి కాగితం మీద శిఖరాలుగా గీస్తుంది. పీసీబీల శిఖరాలు వరుసగా లేచాయి. నాయుడు సంచిలో వేసుకున్న సీసా గుర్తొచ్చింది.

కానీ నివేదిక ఫ్యాక్టరీ సొత్తు. వర్ణవివక్ష పోయి కొత్త ప్రభుత్వం వచ్చినా ఆ నియమం మారలేదు. బయటపెడితే ఉద్యోగంతో పాటు నా వర్క్ పర్మిట్ కూడా పోతుంది. మా ల్యాబు అధిపతిని అడిగాను. ఫలితం చెప్పకూడదు గానీ, పాత ట్రాన్స్‌ఫార్మర్ నూనె ఒంటికి రాయకూడదన్న సంగతి పాఠ్యపుస్తకాల్లోనే ఉంది, అది ఎవరి రహస్యమూ కాదు అన్నారాయన. పాము చావాలి, కర్ర విరగకూడదు అంటే ఇదే.

ఆదివారం ఖర్వాస్తాన్ అనే పేటలో ఉన్న నాయుడు ఇంటికి వెళ్లాను. వాళ్లమ్మ సూరమ్మగారు వాకిట్లో కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నారు. పుస్తకంలో ఉన్నదంతా చెప్పాను. డాక్టరు మందుతో తగ్గని నొప్పి దీనితో తగ్గిందని ఆమె వాదించారు. మర్దనతో తగ్గి ఉంటుందన్నాను. సబ్బుతో కడిగితే పోదా అని అడిగారు. పైన ఉన్నది చాలావరకు పోతుంది, లోపలికి ఇంకింది పోదన్నాను.

ఆమె తన చేతులు చూసుకున్నారు.

"ఈ చెయ్యితోనే బేబీకి నూనె రాసేది, నాయనా. ఎవ్రీ డే. ఇప్పుడు దానికి ఏం అవుతాది?"

"తెలియదమ్మా. అంటింది కొంచెమే అయ్యుంటుంది. ఇవాళ్టి నుంచి ఆపేయండి."

లోపలికి వెళ్లి చాలాసేపు చేతులు తోముకుని వచ్చారు. మిగిలిన ట్రాన్స్‌ఫార్మర్ నూనె సీసా నా చేతికిచ్చి, మనవరాలికి కొబ్బరినూనె రాసి నీళ్లు పొయ్యమని కోడలిని పిలిచారు. తాను పక్కనే కూర్చుని, కాళ్లెలా రుద్దాలో, వీపెలా రుద్దాలో నోటితోనే చెప్పారు. పిల్ల చేతులు చాపినా, ఆమె తన చేతులు చీరకొంగులోంచి బయటికి తీయలేదు.

సోమవారం నివేదిక అందాక ఫ్యాక్టరీవాళ్లు వాల్వులకు తాళాలు వేశారు. నూనెలో ఎంత ఉందో కచ్చితంగా చెప్పగలిగాను. ఆ పిల్లకు ఎంత అంటిందో చెప్పలేకపోయాను. అప్పటి నుంచి ఏ నమూనాకు వెళ్లినా, సీసా మూత తీసే ముందు, దీన్ని ఇళ్లకు ఎవరు తీసుకెళ్తున్నారని అడిగేవాణ్ని. నివేదికలో ఆ ప్రశ్నకు చోటుండదు. అయినా ముందు అడగాల్సింది అదే.